స్థూలకాయ రహిత ప్రాంగణంలో ఇరవై నాలుగు ఎలుకలు

ఢిల్లీలో ఏ సదస్సుకు వెళ్ళినా డైరెక్టర్ ఉమాపతి గారు సిబ్బందికి సోహన్ హల్వా తెచ్చేవారు. ఆ ఏడాది జూలైలో మాత్రం హల్వా తేలేదు. ఆశయం తెచ్చారు. విశాఖ శివార్లలో కొండవాలున ఉన్న తమ పోషకాహార పరిశోధన సంస్థను డిసెంబరు పదిహేనుకల్లా దేశంలోనే తొలి 'స్థూలకాయ రహిత ప్రాంగణం'గా నిలబెట్టాలన్నది ఆ ఆశయం. సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆ రోజు పరిశీలక బృందం వస్తుందని కూడా మాట తీసుకుని వచ్చారు.

ఆశయం డైరెక్టరుది కాబట్టి సర్క్యులర్ రాసే పని పరిపాలనాధికారి జోగారావు గారి మీద పడింది. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఆయన రాసిన ఏ ఆదేశంలోంచీ ఎవ్వరూ తప్పించుకున్న దాఖలా లేదు. 'ఉద్యోగులు' అని రాస్తే కాంట్రాక్టు వాళ్ళు తప్పించుకుంటారు. 'మనుషులు' అని రాస్తే గేటు దగ్గర కాపలావాళ్ళు బిస్కట్లతో మేపుతున్న నల్లకుక్క తప్పించుకుంటుంది. అందుకని ఆయన బాగా ఆలోచించి, 'సంస్థ ఆవరణలో పనిచేయు, నివసించు లేదా పోషింపబడు ప్రతి జీవియు తన బరువును నిర్ణీత పరిమితికి తగ్గించుకొనవలెను' అని రాశారు.

ఆ సర్క్యులర్ తన బల్ల మీదికి వచ్చేనాటికి డాక్టర్ పొట్నూరు హైమ ఆరునెలల ప్రసూతి సెలవు ముగించుకుని ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులైంది. ఇంటి దగ్గర పాప ధాత్రిని అత్తగారు చూసుకుంటున్నారు. భర్త ఓడలో ఇంజనీరు, అప్పుడెక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. రోజూ పొద్దున్న పాపకు పాలిచ్చి బయల్దేరితే మళ్ళీ సాయంత్రం ఆరున్నరకే బిడ్డ ముఖం చూడడం. మధ్యలో పదకొండింటికీ రెండున్నరకూ రవిక తడిసిపోయేది. గాజుసామాను కడిగే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, పాలు పిండి ఐసుముక్కల ఫ్లాస్కులో పోసుకునేది. ఆ తలుపుకు గడియ లేదు. బయట పైడమ్మ బకెట్టు బోర్లించుకుని అడ్డంగా కూర్చునేది.

పైడమ్మ జంతుశాలలో ఇరవై ఆరేళ్ళుగా ఎలుకలను పెంచుతోంది. హైమ పరిశోధనంతా ఆమె చేతుల మీదే నడుస్తుంది. ఆ పరిశోధన కూడా పాలిచ్చే తల్లుల మీదే. కాకపోతే ఎలుక తల్లులు, అవీ స్థూలకాయం ఉన్నవి. కొవ్వు మేత పెట్టి బాగా బొద్దుగా పెంచిన ఎలుకలు పిల్లల్ని కని పాలిస్తున్నప్పుడు వాటి బరువూ ఒంట్లో కొవ్వూ ఏమవుతాయి, ఏ హార్మోను ఆ కొవ్వును ఎటు తోస్తుంది అన్నది తెలుసుకోవాలి. మూడేళ్ళ పని. మొదటి ఏడాది ఎలుకలు సరిగ్గా లావెక్కలేదు. రెండో ఏడాది లావెక్కినవి కడుపు నిలుపుకోలేదు. ఈసారి ఇరవై నాలుగు ఎలుకలు అనుకున్న బరువుకు వస్తున్నాయి. శీతాకాలానికి కాన్పులవుతాయి.

ఆ పరిస్థితిలో ఒక మధ్యాహ్నం పైడమ్మ కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది.

"ఏటమ్మా ఇది? ఎలకలకి కూడా కాయితాలొస్తన్నాయి?"

హైమ పై కాగితం తీసి చదివింది.

'ఎలుక నం. 17కు: మీ బరువు ఐదువందల ఎనభై గ్రాములుగా నమోదైనది. మీ జాతికి, వయస్సుకు నిర్దేశించిన పరిమితి మూడువందల గ్రాములు. ఈ అతిక్రమణకు కారణములను ఏడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనిచో మీరు చెప్పుకొనవలసినదేమియు లేదని భావింపబడును.'

అలాంటివి ఇరవై నాలుగు ఉన్నాయి.

"అందుకున్నట్టు సంతకం కావాలన్నారమ్మా," అంది పైడమ్మ. "సదువు రానోల్లు ఏలిముద్రెయ్యాలంట. సిరా రాసి కాళ్ళ ముద్రలేయించాను. పదేడు మాత్రం కాయితం నమిలేసింది."

హైమ ఆ కట్ట పట్టుకుని తిన్నగా జోగారావు గారి గదికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కూర్చోమన్నారు.

"ఇవి స్థూలకాయం మీద పరిశోధన కోసం పెంచుతున్న ఎలుకలండీ. లావుగా ఉండడమే వాటి పని," అంది హైమ.

"పరిశోధన మానమని ఎవరన్నారు మేడమ్? నిక్షేపంగా చేసుకోండి. స్థూలకాయం మీదే చేసుకోండి. కాని ఎలుకలు సన్నగా ఉండాలి."

"సన్నటి ఎలుకల మీద స్థూలకాయం ఎలా పరిశోధిస్తామండీ?"

"అది శాస్త్రీయ విషయం. శాస్త్రీయ విషయాల్లో పరిపాలన విభాగం జోక్యం చేసుకోదు," అన్నారు జోగారావు గారు ఎంతో మర్యాదగా.

ఎలాగూ వచ్చింది కాబట్టి హైమ తన సొంత దరఖాస్తు సంగతి కూడా అడిగింది. ఉద్యోగంలో చేరిన రోజే పెట్టింది. పగలు రెండుసార్లు ఇంటికి వెళ్ళి పాపకు పాలిచ్చి రావడానికి అనుమతి ఇవ్వాలి, అది కుదరకపోతే పాపను తెచ్చుకోవడానికి గడియ ఉన్న గది ఒకటి చూపించాలి.

"పైకి రాశాం. పాలివ్వడం అధికారిక విధా, వ్యక్తిగత విధా అన్నది తేలాలి. అధికారికమైతే పనివేళల్లో చెయ్యొచ్చు, కాని మీ విధుల జాబితాలో లేదు. వ్యక్తిగతమైతే సెలవు పెట్టి చెయ్యాలి, కాని ఇరవై నిమిషాల సెలవు మన నిబంధనల్లో లేదు. స్పష్టత రాగానే తెలియజేస్తాం."

"అప్పటికి పాప అన్నం తినేస్తుందండీ."

"అప్పుడు దరఖాస్తు దానంతటదే పరిష్కారమైనట్టు," అన్నారాయన. ఆయన గొంతులో వెటకారం లేదు.

ఎలుకల సంజాయిషీని హైమే రాసిపెట్టింది. 'కొవ్వు మేత తినిపించుటచేత లావైతిమి' అని ఇరవై నాలుగింటి తరఫునా ఒకే వాక్యం. అది పరిశీలనలో పడింది. ఆపైన మూడు నెలలపాటు సంస్థ మొత్తం సన్నబడడంలో మునిగిపోయింది. పొద్దున్న ఏడింటికి కొండ చుట్టూ నడక. నడిచినవాళ్ళు నీరసపడకుండా క్యాంటీన్లో నడక చివర ఉప్మా, మైసూర్ బోండా ఏర్పాటు చేశారు. బోండా కోసం నడకకు వచ్చేవాళ్ళు రోజురోజుకీ పెరిగారు. హాజరు తొంభై శాతం దాటిందని డైరెక్టర్ గారు ఎంతో సంతోషించారు.

నవంబరు పదహారు, పదిహేడు తేదీల్లో ఇరవై నాలుగు ఎలుకలూ ఈనాయి. ఒక్క తల్లీ చావలేదు. ఒక్కో తల్లి దగ్గర ఎనిమిదేసి పిల్లలు ఉండేలా పైడమ్మ సర్దింది. ఎర్రగా, బొటనవేలంత ఉన్న పిల్లలు తల్లుల పొట్టల కింద దూరి చప్పరిస్తుంటే హైమ చాలాసేపు చూస్తూ నిలబడింది. గడియారం పదకొండయింది. రవిక తడిసింది. అక్కడి నుంచి గాజుసామాను గదికి నడిచింది.

నవంబరు ముప్పైన నెలవారీ నివేదిక డైరెక్టర్ గారి ముందుకు వచ్చింది. జూలై నుంచి సిబ్బంది మొత్తం బరువు నలభై ఒక్క కిలోలు పెరిగింది. నల్లకుక్క రెండు కిలోలు పెరిగింది. మొత్తం ప్రాంగణంలో బరువు తగ్గినది ఒకే ఒక్క వర్గం, జంతుశాలలోని ఇరవై నాలుగు ఎలుకలు. రెండు వారాల్లో ఒక్కొక్కటీ అరవై, డెబ్బై గ్రాములు తగ్గింది.

హైమకు తక్షణం రమ్మని కబురొచ్చింది. డైరెక్టర్ గారు కుర్చీలో కుదురుగా లేరు. పక్కన జోగారావు గారు నోట్‌బుక్కుతో నిలబడి ఉన్నారు.

"వీళ్ళేం చేస్తున్నారమ్మా?" అన్నారు డైరెక్టర్ గారు, ఎలుకల వరుస మీద వేలు పెట్టి. "నడుస్తున్నారా?"

"పాలిస్తున్నాయండీ."

"అంతేనా?"

"అంతేనండీ. పిల్లలు చప్పరిస్తుంటే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి పాలలోకి పోతుంది. మామూలుగా కొవ్వులోంచి లెప్టిన్ అని ఇంకోటి వచ్చి, ఇక తిండి చాలు అని మెదడుకు చెబుతుంటుంది. పాలిచ్చేటప్పుడు అది తగ్గిపోతుంది. అందుకే మామూలుకన్నా మూడింతలు తింటున్నాయి. తిన్నా తగ్గుతున్నాయి."

డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. "మూడింతలు తిని బరువు తగ్గడం! జోగారావు గారూ, రాసుకున్నారా?"

"కాని సార్, ఇది ఎలుకల్లో. అదీ పాలిచ్చినన్నాళ్ళే. పిల్లల్ని విడదీస్తే ఆకలి వెంటనే తగ్గదు, కొవ్వు మళ్ళీ పేరుకుంటుందని మా అనుమానం. అసలు ప్రయోగం అదే. ఇరవై ఒకటో రోజున పన్నెండు తల్లుల్ని విడదీసి, మిగతా పన్నెండింటినీ పిల్లలతో ఉంచి, హార్మోన్లు పోల్చి చూడాలి."

డైరెక్టర్ గారు మొదటి వాక్యాలు వినేశాక మిగతావి వినే అలవాటు లేనివారు. ఆ సాయంత్రమే 'బరువు తగ్గింపునకు పాలిచ్చు దశ విధానం' అన్న పేరుతో అత్యవసర సమావేశం జరిగింది. జోగారావు గారు ఒక చిక్కు లేవనెత్తారు.

"సంస్థలో రెండువందల పన్నెండు మంది ఉద్యోగులం ఉన్నాం. అందులో పురుషులం నూట డెబ్బై ఒక్కరం. ఈ విధానం మాకు ఎలా వర్తిస్తుంది?"

ఒక గంట చర్చ జరిగింది. పురుషులను మినహాయిస్తే లింగ వివక్ష అవుతుందని ఒకరన్నారు. చివరికి 'తత్సమాన కార్యక్రమం' ఖాయమైంది. ప్రతి పురుష ఉద్యోగీ రెండు గంటలకోసారి పని ఆపి, ఇరవై నిమిషాలు ఒక మూల నిశ్శబ్దంగా కూర్చోవాలి. మామూలుకన్నా మూడింతలు తినాలి. పాలకు సంబంధించిన భాగం సాంకేతిక కారణాల వల్ల రెండో దశకు వాయిదా పడింది. మొదటి దశ మర్నాటి నుంచే అమలులోకి వచ్చింది. సంస్థ చరిత్రలో ఏ పథకమూ అంత క్రమశిక్షణతో అమలు కాలేదు. గుమాస్తాలు రెండు గంటలకోసారి గడియారం చూసుకుని మూలలకు వెళ్ళిపోయేవారు. క్యాంటీన్లో గారెలు పదకొండింటికే అయిపోయేవి.

ఈలోగా డైరెక్టర్ గారు హైమను మళ్ళీ పిలిపించారు. పరిశీలక బృందం వచ్చేదాకా ఈ తల్లులు ఇలా తగ్గుతూనే ఉండాలి, వాటికి ఏమేం కావాలో రాసుకురమ్మన్నారు. ఆ ప్రశ్నకు జవాబు హైమకు పుస్తకాలు చూడకుండానే తెలుసు. అరగంటలో నాలుగు పేజీలు రాసింది. పాలిచ్చే తల్లి ఎలుకలను ఎవరూ కంగారు పెట్టకూడదు. రెండు గంటలకోసారి తీరుబడిగా పాలివ్వనివ్వాలి. ఆ సమయంలో తలుపు తియ్యకూడదు, పిలవకూడదు, వేరే పని చెప్పకూడదు. అడిగినంత తిండి, మంచినీళ్ళు పెట్టాలి. నిశ్శబ్దమైన గది ఉండాలి.

"సంస్థలోకెల్లా నిశ్శబ్దమైన గది అని రాయండి," అన్నారు డైరెక్టర్ గారు ఉత్సాహంగా. "నా గది పక్కన సమావేశ మందిరం ఉంది కదా. అదిస్తాను."

"ఎలుకల్ని కదిపితే బెదిరిపోతాయండీ. పాలు తగ్గిపోతాయి. అవి జంతుశాలలోనే ఉండాలి."

"ఉండనివ్వండి. ఆదేశంలో మందిరం కూడా ఉండనివ్వండి. చదవడానికి బావుంటుంది." ఆయన ఇంకో వాక్యం తానే చేర్చారు. 'తల్లులను పిల్లల నుండి ఎట్టి పరిస్థితులలోను, పరిశీలన ముగియు వరకు, విడదీయరాదు.'

హైమ ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "సార్, ఇరవై ఒకటో రోజున విడదీయకపోతే మా పోలిక పోతుంది. మూడేళ్ళ పనండీ."

"డిసెంబరు పదహారున విడదీయండమ్మా. పది రోజుల్లో ఏం మునిగిపోతుంది?"

కాగితాలు చేతిలోకి తీసుకుని పైపైన తిరగేస్తూ ఆయన ముఖం చిట్లించారు. "జోగారావు గారూ, ఎక్కడ చూసినా ఎలుక, ఎలుక, ఎలుక అని ఉందేమిటి? ఇది బృందం చూసే ఫైలు. సంస్థ నిండా ఎలుకలే అనుకోరూ? ఆ మాట అంతటా తీసేయించండి."

"అంతటానా సార్?"

"అంతటా."

ఆదేశం రెండో రోజు సంతకమై వచ్చింది. హైమ జంతుశాల వరండాలో నిలబడి చదువుకుంది. ఆపి మళ్ళీ మొదటి నుంచి చదివింది. 'పాలిచ్చు ప్రతి తల్లికిని రెండు గంటలకొకసారి తీరుబడిగా పాలిచ్చుటకు అవకాశము కల్పించవలెను. ఆ సమయమున ఆమెను పిలువరాదు, వేరే పని చెప్పరాదు. సంస్థలోకెల్లా నిశ్శబ్దమైన గదిగా సమావేశ మందిరమును పాలిచ్చు తల్లులకు కేటాయించడమైనది. తల్లులను పిల్లల నుండి ఎట్టి పరిస్థితులలోను విడదీయరాదు.'

"పైకి సదవండమ్మా," అంది పైడమ్మ. హైమ చదివింది. "మరి మీరు తల్లి కాదేటి?" అంది పైడమ్మ.

హైమ జోగారావు గారి గదికి వెళ్ళింది. ఆయన తల ఎత్తకుండా ఏదో ఫైలు రాసుకుంటున్నారు.

"ఈ ఆదేశం ఎవరెవరికి వర్తిస్తుందండీ?"

"అందులో ఎవరికని రాసి ఉంటే వాళ్ళకి."

"అందులో రాయనివాళ్ళకి?"

"రాయనిదాన్ని నేను ఎప్పుడూ అమలు చెయ్యలేదు మేడమ్," అని ఆయన పేజీ తిప్పారు.

హైమ బయటికి వచ్చి అత్తగారికి ఫోన్ చేసింది.

మర్నాడు పదకొండింటికి ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. అత్తగారు పాపనెత్తుకుని దిగారు. కాపలా మనిషి ఆపాడు. హైమ ఆదేశం నకలు చూపించింది. అతను ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి, విడదీయరాదన్న చోట ఆగి, ఠపీమని సెల్యూట్ కొట్టాడు. సమావేశ మందిరంలో మెత్తటి కుర్చీలున్నాయి, ఏసీ ఉంది, తలుపుకు ఇత్తడి గడియ ఉంది. హైమ గడియ పెట్టి కూర్చుంది. ధాత్రి మొదట కొత్త చోటని చుట్టూ చూసింది. తరవాత తల్లి ముఖం చూసి పకపకా నవ్వి, కొంగులో తల దూర్చింది. సాయంత్రం ఆరున్నర దాకా ఆగనక్కర్లేని ఆ మొదటి రోజు హైమకు ఎందుకో ఏడుపొచ్చింది. ఎవరూ పిలవలేదు. పిలవకూడదని ఆదేశం.

రెండు రోజుల్లో గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి మూడు నెలల బాబుతో వచ్చింది. ఆ తరవాత కాంట్రాక్టు మీద తోట ఊడ్చే చినతల్లి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, "నానూ రావచ్చేటమ్మా?" అని అడిగింది. 'ప్రతి తల్లికిని' అని హైమ చదివి వినిపించింది. డైరెక్టర్ గారు ఆ వారమంతా బృందానికి చూపించే సినిమా తయారీలో నగరంలోనే ఉండిపోవడంతో పక్కగది సంగతి ఆయనకు తెలియలేదు.

డిసెంబరు ఏడు వచ్చింది. ఎలుక పిల్లలకు ఇరవై ఒకటో రోజు. ఆ రోజు హైమ గదిలో కూర్చుని పాపకు పాలిస్తూ చాలాసేపు ఆలోచించింది. విడదీయరాదన్న వాక్యం వల్లే తన బిడ్డ ఒళ్ళో ఉంది. అదే వాక్యాన్ని పాటిస్తే మూడేళ్ళ ప్రశ్నకు జవాబు ఉండదు. ఎలుక పిల్లలు అప్పటికే కళ్ళు తెరిచి, బొచ్చొచ్చి, తల్లుల మేతను తామే తినేస్తున్నాయి. వాటికి పాలు అక్కర్లేదు. ఆమె పాపను అత్తగారికిచ్చి జంతుశాలకు వెళ్ళింది.

"పన్నెండు తల్లుల్ని వేరు చేద్దాం పైడమ్మా."

"కాయితంలో వద్దన్నారు కదమ్మా?"

"అన్నారు."

పైడమ్మ పంజరాలు దించింది. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఎవులైనా అడిగితే నానే సేసానని సెప్పండి. నాకింకెన్నాల్ల నౌకరీ?" అంది.

"వద్దు," అంది హైమ. ప్రయోగం పుస్తకంలో తేదీ వేసి, 'పన్నెండు తల్లులను విడదీయడమైనది' అని రాసి, కింద తన పేరే సంతకం చేసింది.

డిసెంబరు పదిహేను ఉదయం పరిశీలక బృందం వచ్చింది. అధ్యక్షురాలు డాక్టర్ సౌదామిని గారు డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళు శరీరధర్మ శాస్త్రం చెప్పి విరమించారు. ఆవిడ నడక నెమ్మది, ప్రశ్నలు మాత్రం కాదు. వరండాలో మూలలకు తిరిగి నిశ్శబ్దంగా కూర్చున్న ఆరుగురు గుమాస్తాలను చూసి, "వీళ్ళకేమైంది?" అని అడిగారు.

"పాలిచ్చు దశలో ఉన్నారు మేడమ్," అన్నారు జోగారావు గారు. "మొదటి దశ."

డైరెక్టర్ గారు మాట మార్చి, సినిమా చూపిస్తానని సమావేశ మందిరం తలుపు తోశారు. లోపల గడియ పెట్టి ఉంది. "ఎవరది?" అని ఆడగొంతు. కాసేపటికి చినతల్లి తలుపు తీసింది. భుజాన బిడ్డ నిద్రపోతోంది. వెనక గ్రంథాలయం అమ్మాయి కొంగు సర్దుకుంటోంది. హైమ ధాత్రిని ఎత్తుకుని లేచి నిలబడింది. బల్ల మీద మూడు మంచినీళ్ళ చెంబులు, పల్లీ ఉండల పళ్ళెం ఉన్నాయి.

డైరెక్టర్ గారి నోరు తెరుచుకుంది. ఆయన ఏదో అనేలోగా జోగారావు గారు ఫైలు విప్పి, గొంతు సవరించుకుని, ఆదేశం మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదివారు. నాలుగు పేజీలు. మూడో పేజీ అడుగున ఒక మాట దగ్గర దగ్గారు, మిగతా ఒక్క అక్షరం తప్పలేదు.

సౌదామిని గారు గదిలోకి వచ్చి కూర్చున్నారు. "నా పెద్దకొడుక్కి పాలివ్వడానికి నేను కళాశాల బాత్‌రూములో నిలబడేదాన్ని," అన్నారు మెల్లిగా. "నలభై ఐదేళ్ళయింది. ఎన్ని సంస్థలు చూశాను, ఇలాంటి ఆదేశం ఎక్కడా చూడలేదు. ఎవరి ఆలోచన ఉమాపతి గారూ?"

డైరెక్టర్ గారి నోరు నెమ్మదిగా మూసుకుంది. మళ్ళీ తెరుచుకున్నప్పుడు అందులో చిరునవ్వుంది. "చిన్నప్పటి నుంచీ నాకు తల్లులంటే గౌరవమండీ," అన్నారు.

ఆ తరవాత జంతుశాల. పంజరాల ముందు సౌదామిని గారు వంగి చూశారు. "ఈ పన్నెండూ బాగా లావుగా ఉన్నాయే?"

డైరెక్టర్ గారు హైమ వైపు తిరిగారు. చిరునవ్వు పోయింది.

"ఇరవై ఒకటో రోజున నేను విడదీశానండీ," అంది హైమ. "విడదీయవద్దని ఆదేశం ఉంది. ఆ ఆదేశం అడ్డం పెట్టుకునే నా పాపను తెచ్చుకున్నాను. అయినా విడదీశాను. పాలు ఆగగానే ప్రొలాక్టిన్ పడిపోయింది, ఆకలి మాత్రం అంత తొందరగా తగ్గలేదు. పోయిన కొవ్వు వారంలోనే చాలావరకు తిరిగొచ్చేసింది. పిల్లలతో ఉన్న పన్నెండూ ఇంకా సన్నగానే ఉన్నాయి, కాని పిల్లలు పాలు తగ్గించేశాయి కాబట్టి అవీ నెమ్మదిగా పెరుగుతున్నాయి. పాలివ్వడం స్థూలకాయానికి మందు కాదండీ. బిడ్డ అడుగుతోంది కాబట్టి తల్లి ఒళ్ళు దాచుకున్నది ఇస్తుంది. బిడ్డ అడగడం మానగానే మళ్ళీ దాచుకుంటుంది."

సౌదామిని గారు ప్రయోగం పుస్తకం అడిగి తీసుకున్నారు. ఇరవై నిమిషాలు నిలబడే చదివారు. డిసెంబరు ఏడో తేదీ పేజీలో ఆగి, సంతకం చూసి, పుస్తకం మూశారు.

"ఈ ఇరవై నాలుగూ ఇవాళ సన్నగా కనిపించి ఉంటే, సర్టిఫికెట్ కోసం ప్రయోగాన్నే చెడగొట్టుకున్నారని, ఈ పరిశోధన ఆపేయమని రాసి వెళ్ళేదాన్ని," అన్నారు. "ఉమాపతి గారూ, మీ ప్రాంగణం స్థూలకాయ రహితం కాదు. ఈ అమ్మాయి పని పూర్తయ్యేదాకా కాకూడదు కూడా. అది రాస్తాను. ఆ గది గురించి కూడా రాస్తాను. ఆ గది ఎప్పటికీ ఉండాలని రాస్తాను."

మర్నాడు డైరెక్టర్ గారు తత్సమాన కార్యక్రమాన్ని రద్దు చేశారు. గుమాస్తాలు బరువైన మనసుతో మూలల నుంచి బల్లలకు తిరిగొచ్చారు. మూడో రోజుకల్లా ఆయనకు కొత్త ఆశయం వచ్చింది. సంస్థను దేశంలోనే తొలి 'మాతృ హిత ప్రాంగణం'గా నిలబెట్టాలి. ఎలుకలను విడదీసిన విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. తల్లులంటే తనకున్న గౌరవం గురించి ఆ వారం మూడుచోట్ల ఉపన్యసించారు.

ఆ శుక్రవారం హైమ పాపకు పాలిచ్చి వస్తుంటే జోగారావు గారు వరండాలో ఎదురయ్యారు. ఇటూ అటూ చూసి, ఆమెను పక్కకు పిలిచారు.

"ఆ ఆదేశం నకలు మీ దగ్గరుంది కదా. ఒకటి నాకు జిరాక్స్ తీసిస్తారా?"

"అసలు ప్రతి మీ దగ్గరే ఉంది కదండీ?"

"ఉంది. కాని ఆదేశం తయారుచేసినవాడు సొంతవాళ్ళ కోసం నకలు తీసుకోకూడదు. నిబంధన. దానివల్ల మేలు పొందినవాళ్ళు ఇస్తే అభ్యంతరం లేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా రెండో అమ్మాయి శ్రీకాకుళంలో పనిచేస్తోందమ్మా. సోమవారంతో సెలవైపోతుంది. వాళ్ళ ఆఫీసులో గది లేదట. అడిగితే స్పష్టత కోసం పైకి రాశామన్నారట. ఫోన్లో ఒకటే ఏడుపు."

మేడమ్ అనడం మాని ఆయన అమ్మా అనడం హైమ అప్పుడే గమనించింది. ఆమె అడిగింది, "ఆ రోజు ఎలుక అన్న మాట తీసేస్తే ఏమవుతుందో డైరెక్టర్ గారు చూసుకోలేదు కదండీ?"

"ఆయన వాక్యాలు మొత్తం చదవరు," అన్నారు జోగారావు గారు. "నేను చదువుతాను."

హైమ ఆయన ముఖంలోకి చూసింది. అందులో ఏమీ లేదు, ఎప్పుడూ ఉండే పరిపాలన తప్ప. ఆమె వెళ్ళి నకలు తెచ్చి ఇచ్చింది. ఆయన నాలుగు పేజీలూ అక్కడే నిలబడి, పెదవులు కదుపుతూ చదువుకున్నారు. మూడో పేజీ అడుగున ఆగి, జేబులోంచి పెన్ను తీశారు. అక్కడొక ఎలుక మిగిలిపోయింది. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.